క్రింది మెట్టు ఫుట్‌బాలు

ఫుట్‌బాలు ఆటను గురించి మనము వినునది సాధారణముగా పై మెట్టు వార్తయే. ప్రపంచ కప్పు ఎవరు గెలిచిరి, కలకత్తాలో ఏ జట్టు ఏ జట్టును ఓడించినది, ఏ ఆటగానికి ఎన్ని కోట్లు ముట్టినవి — ఇవి పత్రికలకెక్కును, రేడియోకెక్కును, ఇంటింట చర్చకు వచ్చును. కాని ఈ ఆట బ్రతికి ఉన్నది ఆ పై మెట్టు మీద కాదు. ఆదివారము ఉదయము మంచు ఇంకను విడువని మైదానములో సున్నపు గీతలు తామే గీచుకొని, గోలు కంబములకు వల తామే కట్టుకొని, గంటన్నర సేపు ఆడి, ముఖము కడుగుకొని ఎవరి పనికి వారు పోవు యువకుల మీద అది బ్రతికి ఉన్నది. వారికి జీతము లేదు, చూచువారు లేరు, పేరు లేదు. ఈ ప్రసంగములో మేము ముచ్చటింపదలచినది అట్టి వారిని గురించి. అందునను, నగరమునకు పడమటి దిక్కున ఉన్న మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతములను దృష్టిలో ఉంచుకొని.

ముందుగా ఒక విషయమును స్పష్టపరుపవలసి ఉన్నది. పోటీలు రెండు విధములు. ఒకటి, ఓడినవాడు ఇంటికి పోవు పోటీ. దీనిని నాకౌటు అందురు. సంక్రాంతికో దసరాకో మన పల్లెలలో జరుగు పోటీలు చాలవరకు ఈ తరహావే. రెండవది లీగు. ఇందులో ప్రతి జట్టును తక్కిన ప్రతి జట్టుతోను ఆడి తీరవలెను. ఈ రెంటికిని గల భేదము లెక్క వేసి చూచినగాని బోధపడదు. ఎనిమిది జట్లు ఉన్నవనుకొందము. నాకౌటు పద్ధతిలో మొత్తము ఆటలు 7 మాత్రమే. అందులో నాలుగు జట్లు ఒక్కొక్క ఆట ఆడి వెనుదిరుగును. అనగా ఏడాదికొక పండుగ పోటీ కొరకు నెల దినములు సాధన చేసిన పల్లెటూరి కుఱ్ఱవానికి దక్కునది ఒక్క ఆట. అదే ఎనిమిది జట్లతో లీగు నడపినచో ఒక్కొక్క జట్టుకు 7 ఆటలు, మొత్తము 28 ఆటలు. ఒకసారి మన ఊర, ఒకసారి వారి ఊర ఆడినచో జట్టుకు 14, మొత్తము 56. ఆటగాడు తయారగునది ఒక్కనాటి గెలుపు వలన కాదు. ఓడిన తరువాత వచ్చు ఆదివారము మరల మైదానమునకు దిగుట వలన తయారగును. నాకౌటు ఆ రెండవ ఆదివారమును ఇవ్వదు, లీగు ఇచ్చును.

లీగులో గెలిచిన జట్టుకు 3 పాయింట్లు, సమముగా ముగిసినచో చెరి యొకటి, ఓడినవారికి సున్న. పూర్వము గెలుపునకు 2 పాయింట్లే ఉండెడివి. ఇంగ్లండులో 1981లో దానిని మూడు చేసిరి. ప్రపంచ కప్పులో 1994 నుండి ఆ పద్ధతియే అమలులోనికి వచ్చినది. ఈ మార్పులోని కిటుకు చూడుడు. ఒక జట్టు నాలుగు ఆటలు గెలిచి మూడు ఓడినది. మరియొకటి మూడు గెలిచి, రెండు సమము చేసి, రెండు ఓడినది. పాత లెక్కలో ఇద్దరికిని 8 పాయింట్లే. కొత్త లెక్కలో మొదటి జట్టుకు 12, రెండవదానికి 11. అనగా, వెనుక కూర్చుండి గోలు కాచుకొనుట కంటె ముందుకు పోయి గెలువ యత్నించుటకు విలువ హెచ్చినది. ఇట్లు సీజను పొడుగునను లెక్క కట్టి, పట్టికలో మొదట నిలిచినవారిని పై శ్రేణికి ఎక్కింతురు. అడుగున నిలిచినవారిని క్రింది శ్రేణికి దింపుదురు. ఈ ఎక్కుట, దిగుట అనునదే లీగునకు ప్రాణము. దీని వలన ఆరవ స్థానమున ఉన్న జట్టుకు కూడ చివరి ఆట వరకు గుండె దడ తప్పదు.

ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. ఇంగ్లండులో ఫుట్‌బాలు లీగు 1888లో ఆరంభమైనది. మన దేశమున కలకత్తా లీగు 1898లో ఆరంభమైనది. శ్రేణులు శ్రేణులుగా నడచుచు వచ్చిన ఆ లీగే వంగదేశమును ఫుట్‌బాలు దేశముగా చేసినది. హైదరాబాదు కూడ ఒకనాడు ఆ బాటనే నడచి, ఆ కలకత్తాకే ఆటగాండ్రను పంపినది. నేటి యువతరమునకు ఆ కథ వింతగా తోచవచ్చును. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950లో మోహన్ బగాన్ జట్టును ఓడించి డ్యూరాండు కప్పు గెలిచినది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పు దానిదే. రాష్ట్రముల మధ్య జరుగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956–57లోను, 1957–58లోను గెలువగా, ఆంధ్రప్రదేశ్ 1965–66లో గెలిచినది.

ఈ వైభవము వెనుక నిలిచిన వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీమ్. వారు 1909లో జన్మించిరి. వృత్తిచేత ఉపాధ్యాయులు. 1940ల నుండి 1963లో కన్నుమూయు వరకు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా ఉండిరి. వారి శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణ పతకములు గెలిచినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచినది. 2024లో హిందీలో వచ్చిన ‘మైదాన్’ అను చలనచిత్రము వారి జీవితమును గురించినదే. కాని చిత్రములలో పతకములకు దక్కినంత చోటు వారి నిత్యకృత్యమునకు దక్కదు. కుడికాలి వాటము గలవారు ఎడమకాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో వారు పోటీలు పెట్టించెడివారు. పెద్ద పేరు గల జట్ల యందే కాక, చిన్న చిన్న లీగు ఆటలలో, పేటల మైదానములలో తిరిగి ఆటగాండ్రను వెదకెడివారు.

అట్లు దొరికినవారిలో ఒకరు తులసీదాస్ బలరామ్. సికింద్రాబాదు సమీపమున ఉన్న అమ్ముగూడ వారి ఊరు, పేద కుటుంబము. అంత దూరము నుండి దినదినము శిక్షణకు వచ్చుటకు చేత పైకము లేదనగా, రహీమ్ సైకిలు ప్రయాణమునకు ఏర్పాటు చేసిరని క్రీడాభిమానులు నేటికిని చెప్పుకొందురు. ఆ బాలుడే తరువాత 1956, 1960 ఒలింపిక్సులలో ఆడి, 1962 జకార్తా స్వర్ణ పతకమున భాగస్వామి అయ్యెను. 2023లో వారు పరమపదించిరి. ఇందు మనము గ్రహింపవలసినది సైకిలు కథ కాదు. బలరామ్ ఆడుటకు ఒక చిన్న జట్టు ఉండెను. ఆ జట్టు ఆడుటకు ఒక పోటీ ఉండెను. ఆ పోటీని చూచుటకు రహీమ్ వంటి కన్ను ఉండెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నను అమ్ముగూడ దాటి ఆ పేరు వినబడి ఉండెడిది కాదు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. నగరము నుండి లంగరుహౌసు మీదుగా పడమటికి పోవు రహదారి మొయినాబాదును, చేవెళ్ళను దాటి వికారాబాదు వైపు సాగును. ఇరువైపులను ఊడలు దింపిన మర్రిచెట్ల వలన ఈ దారికి పేరు వచ్చినది. ఒక ప్రక్క గండిపేట చెరువు, మరియొక ప్రక్క హిమాయత్ సాగరము. చిలుకూరు బాలాజీ దర్శనమునకు పోవువారికి ఇది పరిచితమైన త్రోవయే. కూరగాయలు, పూలు పండించి తెల్లవారకముందే నగరపు మార్కెట్టుకు చేర్చు రైతుల సీమ ఇది.

ఈ సీమలో, మొయినాబాదు మండలమందలి అజీజ్ నగరులో, డెక్కన్ అరీనా అను ఫుట్‌బాలు మైదానము ఉన్నది. శ్రీనిధి డెక్కన్ అను వృత్తి జట్టునకు ఇది స్వంత గడ్డ. ఆ జట్టు 2021–22లో, ఐ-లీగు అను పేర నడచిన జాతీయ పోటీలో తొలిసారి ఆడి మూడవ స్థానమున నిలిచినది. 2022–23లోను, 2023–24లోను రెండవ స్థానము పొందినది. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ తుది ఘట్టపు ఆటలు ఈ మైదానముననే జరిగినవి. ఆ నెల 31వ తేదీన గచ్చిబౌలిలో జరిగిన ఫైనలులో పశ్చిమ వంగ జట్టు కేరళను 1–0తో ఓడించి కప్పు గెలిచినది. ఆతిథ్యమిచ్చిన తెలంగాణ జట్టు క్వార్టరు ఫైనలు చేరలేదు. 1950లలో రెండుసార్లు ఆ కప్పు నెత్తిన నగరమునకే అది వచ్చినది. మనము చూచి చప్పట్లు కొట్టి పంపితిమి.

ఒక మాట సూటిగా చెప్పవలెను. జాతీయ స్థాయి మైదానము ఊరి ప్రక్కన ఉండుట వేరు, ఊరిలో ఫుట్‌బాలు ఉండుట వేరు. వృత్తి జట్టు దేశదేశముల నుండి ఆటగాండ్రను తెచ్చుకొనును. అది దాని ధర్మము. అట్టి జట్లు వచ్చును, పోవును కూడ. 2019లో వెలసిన హైదరాబాదు ఎఫ్.సి. జట్టు 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు కప్పును గెలిచి నగరమంతటిని ఉత్సాహపరచినది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడ మార్చుకొన్నది. పై మెట్టు జట్టు ఒక సంతకముతో ఊరు మారగలదు. కాని చేవెళ్ళ కుఱ్ఱవాండ్ర జట్టు ఎచ్చటికి పోగలదు? అది ఆ మట్టిని పట్టుకొని ఉండునదే. అందుచేత ఒక ప్రాంతమున ఆట నిలుచునా లేదా అనునది క్రింది మెట్టు చూచియే చెప్పవలెను.

ఆ క్రింది మెట్టున ఒక సీజను ఎట్లు గడచునో మీ కన్నుల ముందుంచుటకు ఒక జట్టును ఊహించుకొందము. ఈ మర్రిచెట్ల దారిలోని ఏ ఊరైనను కావచ్చును. జాబితాలో పదునాఱుగురు ఉన్నారు. ఐదుగురు ఇంటరు, డిగ్రీ చదువు విద్యార్థులు. ఇద్దరు రాత్రి రెండు గంటలకు లేచి గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు బంతి, చామంతి మూటలు చేర్చువారు. ఒకడు ఆటో నడుపును. ఇద్దరు ఎలక్ట్రీషియన్లు. ఒకడు బట్టల దుకాణమున గుమాస్తా. తక్కినవారు వ్యవసాయము, కూలి, నగరములో పార్సిళ్ళు చేరవేయు పని చేయువారు. ఎనిమిది జట్ల లీగు, ఏడు ఆదివారములు. వానలు వెనుకబట్టిన తరువాత కార్తిక మాసమున మొదలుపెట్టి, పరీక్షలు దగ్గరపడకముందే ముగింపవలెను. వేసవిలో మన నేల రాయివలె గట్టిపడి మోకాళ్ళు చీల్చును. నడివానలో నల్లరేగడి బూటును వదలదు. ఆటకు అనువైన మాసములు ఇవి నాలుగే.

మొదటి ఆదివారము వారు 0–4తో ఓడిరి. ఎదుటి జట్టు మూడేండ్లుగా కలిసి ఆడుచున్నది; వీరు ఒకరినొకరు ఇంకను కేకలు వేసి పిలుచుకొనుచున్నారు. రెండవ వారము 1–1. తొలి పాయింటు. మూడవ వారము పెండ్లి ముహూర్తము వచ్చిపడినది. జట్టులో సగము మంది ఆ ఇంటి చుట్టములే. మైదానమునకు వచ్చినవారు ఆరుగురు. ఏడుగురి కంటె తక్కువ ఉన్నచో ఆట ఆరంభింపరాదని ఫుట్‌బాలు నియమము. రిఫరీ గడియారము చూచి, ఈల ఊది, ఎదుటివారికి గెలుపు వ్రాసికొనెను. అట్టి సందర్భమున సాధారణముగా 3–0గా లెక్కింతురు. వచ్చిన ఆరుగురు బంతిని సంచిలో పెట్టుకొని అదే బస్సులో తిరిగి వచ్చిరి.

నాలుగవ వారమునకు ముందు కెప్టెను ఇల్లిల్లు తిరిగెను. బట్టల దుకాణపు యజమానిని గుమాస్తా బ్రతిమాలుకొనెను. “అన్నా, ఆదివారం పొద్దుగాల రెండు గంటలు ఇడువు. ఆటాడి ఉరికొస్త.” “ఆట బువ్వ పెడ్తదారా?” “పెట్టదన్నా. గని ఆడకపోతె బువ్వ సయిస్తలేదు.” యజమాని నవ్వి సెలవిచ్చెను. ఆ వారము 2–1తో గెలుపు. ఐదవ వారము 0–1తో ఓటమి. ఆరవ వారము 2–2. ఇప్పటికి పాయింట్లు 5. పట్టికలో చిట్టచివరి స్థానము. వారి పైనున్న జట్టుకు 6. చివరి ఆట ఆ జట్టుతోనే. గెలిచినచో శ్రేణి నిలుచును, లేనిచో దిగవలెను. ఆ ఆట 1–1తో ముగిసినది. వీరికి 6, వారికి 7. ఒక్క పాయింటు తేడాతో మన జట్టు దిగిపోయినది.

ఆ సాయంత్రము పెనాల్టీ తప్పిన వానినో, చివరి నిముషమున బంతి జారవిడిచిన గోలుకీపరునో అందరును తప్పుపట్టుదురు. కాని లెక్క తెలిసినవాడు వేరుగా చెప్పును. ఆ జట్టు దిగినది ఏడవ ఆదివారము కాదు; మూడవ ఆదివారము. మరి ఇద్దరు వచ్చి ఆడి ఆ ఆటను సమము చేసినను, ఇద్దరికిని 7 పాయింట్లయి గోళ్ళ తేడా చూడవలసి వచ్చెడిది. లీగు నేర్పు పాఠము ఇదే. పోటీలో వీరత్వము కంటె హాజరు గొప్పది. ఒక్కనాడు మెరసిన వాని కంటె ఏడు వారములు వచ్చినవాడు జట్టుకు ఎక్కువ. ఈ గుణము మైదానము దాటి దుకాణమునకును, పొలమునకును, కాపురమునకును పనికివచ్చును. నాకౌటు పోటీలలో ఈ పాఠము నేర్చుకొను అవకాశమే లేదు. ఎందుకనగా మూడవ ఆదివారమే లేదు.

ఇప్పుడు అసలు చిక్కు విషయమునకు వత్తము. అది నేల. 1908లో మూసీ వరద నగరమును ముంచిన తరువాత, మరల అట్టి ప్రమాదము రాకుండుటకు గండిపేట జలాశయమును 1920లోను, హిమాయత్ సాగరమును 1927లోను పూర్తిచేసిరి. ఈ రెండు చెరువుల నీరు చెడకుండుటకు 1996లో ప్రభుత్వము జీవో 111 వెలువరించినది. చుట్టుప్రక్కల పది కిలోమీటర్ల మేర 84 గ్రామములలో పెద్ద కట్టడములపై ఆంక్షలు విధించినది. మొయినాబాదు, చేవెళ్ళ మండలములలోని ఊళ్ళు అందులో ఉన్నవి. 2022 ఏప్రిలులో జీవో 69 ద్వారా ఆ ఆంక్షలను ఎత్తివేసిరి. ఆ నిర్ణయము మంచిదా చెడ్డదా అను చర్చ మా ప్రసంగమునకు సంబంధింపదు. మేము చూచునది ఒక్కటే. ఆంక్షలు ఉన్నంత కాలము అమ్ముడుపోని ఖాళీ స్థలము ఊరి పిల్లలకు మైదానముగా ఉండెను. ఎవ్వరును దానిని మైదానమని వ్రాయలేదు. కాని అది మైదానమే. నేల ధర పెరిగిన నాడు ముందుగా కంచె పడునది అచ్చటనే.

పూర్తి ఫుట్‌బాలు మైదానమునకు ఎంత నేల కావలెనో కూడ లెక్క చూతము. అంతర్జాతీయ ఆటలకు సాధారణముగా వాడు కొలత 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అది 7,140 చదరపు మీటర్లు. మన లెక్కలో దాదాపు ఎకరము ముప్పది గుంటలు. నియమము అనుమతించు కనిష్ఠ కొలత 90 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు. 4,050 చదరపు మీటర్లు. అనగా సరిగా ఒక ఎకరము. గీత వెలుపల నిలుచుటకు, బంతి వెనుక పరుగెత్తుటకు మరికొంత చోటు వేసికొన్నను ఎకరమున్నర చాలును. 2022లో ఊరూర క్రీడా ప్రాంగణములు ఏర్పరచు పథకము రాష్ట్రమున మొదలైనది. వాలీబాలు, కబడ్డీ, ఖోఖో కోర్టులకు ఆ చోటు సరిపోవును. పదునొకండుగురి ఫుట్‌బాలుకు చాలదు. అట్లని చేతులు ముడుచుకొనవలసిన పని లేదు. కేరళలో మలబారు ప్రాంతమున కోతలైన వరిమళ్ళలో ఏడుగురి ఫుట్‌బాలు పుట్టి పెరిగినది. నేడు అది ఆ సీమకు పండుగ. మన ప్రాంతమున కూడ లీగును ఏడుగురి ఆటతో మొదలిడి, నేల దొరికిన ఊరిలో పదునొకండుగురి ఆటకు పెంచవచ్చును.

ఆడపిల్లలను మరచి ఈ ముచ్చట ముగించుట న్యాయము కాదు. నిజామాబాదు ప్రాంతపు తండా నుండి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టున ఆడి, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బున చేరినది. ఆమె దారిని పోగోరు బాలికలకు పెద్ద అడ్డంకి ప్రయాణము. పంపుటకు ఇంటివారికి బెదురు. ఛార్జీలకు పైకము చాలదు. రెండవ దానికి మన రాష్ట్రమున మార్గము దొరికినది. 2023 డిసెంబరు 9 నుండి మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము అమలైనది. చేవెళ్ళ నుండి మొయినాబాదునకు ఆటకు పోవు బాలికల జట్టునకు దారిఖర్చు లేనట్లే. మగపిల్లల జట్లకు లేని సదుపాయము ఇది. ఉపాధ్యాయురాలో, ఊరి అక్కయో తోడు పోయినచో మొదటి అడ్డంకి కూడ తొలగును.

ఇక చేయదగినదేమి? పెద్ద స్టేడియము కట్టుమని మేము కోరుట లేదు. రెండు మండలముల మధ్య ఎనిమిది జట్లు, ఏడు ఆదివారములు, ఇంతే. దానికి కావలసినవి నాలుగు. మొదటిది, సంతకము గల పట్టిక. ఎవరు ఎప్పుడు ఎచ్చట ఆడవలెనో సీజను మొదలగుటకు ముందే అచ్చువేసి, గ్రామ పంచాయతీ గోడ మీదను, పాఠశాల గోడ మీదను అంటింపవలెను. పెండ్లి ముహూర్తములు చూచి పెట్టుకొను పెద్దలు ఆ పట్టికను కూడ ఒకసారి చూడకపోరు. రెండవది, రిఫరీ. ఆడుట మానిన వయసువారు మన ఊళ్ళలో ఉన్నారు. నియమములు చదివించి, ఈల చేతికిచ్చి, వారిని గౌరవింపవలెను. క్రింది శ్రేణి ఆటలు చెడునది ఆటగాండ్ర వలన కంటె రిఫరీ లేమి వలననే ఎక్కువ. మూడవది, బూట్లు. 1952 హెల్సింకి ఒలింపిక్సులో మనవారు చాలమంది వట్టి కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేత 10–1తో ఓడిరి. ఆ తరువాతనే బూట్లు తప్పనిసరి అయినవి. డెబ్బది ఏండ్ల క్రిందట దేశము నేర్చిన పాఠమును మన పల్లె పిల్లవాడు మరల తన కాలివ్రేళ్ళతో నేర్వవలసిన అవసరము లేదు. పాత బూట్లు పాఠశాలలో ఒకచోట చేర్చి, కొలత ప్రకారము పంచుకొన్నను చాలును. నాలుగవది, ఒక ఎకరమున్నర నేల. పాఠశాల మైదానమైనను సరే, పంచాయతీ నేలయైనను సరే; అది ఆటస్థలమని రికార్డులో వ్రాయించవలెను. వ్రాయని మైదానము మైదానము కాదు. అది ఎవరికో రాబోవు ప్లాటు.

అజీజ్ నగరులోని మైదానము కూడ ఈ పనికి తోడుపడగలదు. వృత్తి జట్ల ఆటలకు ముందు ఒక గంట సేపు ఊళ్ళ లీగు ఫైనలును ఆ పచ్చిక మీద ఆడించినచో, ఆ కుఱ్ఱవాండ్రకు అది జీవితకాలపు జ్ఞాపకము. ఆ జట్టుకు చుట్టుప్రక్కల ఊళ్ళన్నియు చుట్టములగును. హైదరాబాదు లీగు పై శ్రేణికి రహీమ్ పేరు పెట్టుకొని గౌరవించితిమి. మంచిదే. కాని వారు వెదకినది పై శ్రేణిలో కాదు. వారి పేరు నిలువవలసిన చోటు క్రింది శ్రేణియే.

శ్రోతలలో చాలమంది తల్లిదండ్రులు. మీ ఇంటి కుఱ్ఱవాడు ఆదివారము తెల్లవారుజామున బూట్లు చేతబట్టుకొని, చప్పుడు కాకుండ గడియ తీసి బయలుదేరుట మీరు చూచి ఉందురు. చదువు చెడునని మీకు భయము కలుగుట సహజము. వానిని ఆపకుడు, ఒక ప్రశ్న మాత్రము అడుగుడు. “ఈ వారము ఎవరితో ఆట? పోయిన వారము ఏమయినది?” ఆ ప్రశ్నకు వానియొద్ద జవాబున్నచో మీ ఊరిలో లీగు ఉన్నదని అర్థము. లేనిచో, ఆ జవాబు వానికి కల్పించు బాధ్యత మన పెద్దలది. వీలైనచో ఒక ఆదివారము మీరును వెంట పోయి గీత ప్రక్కన నిలువుడు. అచ్చట టిక్కెట్టు లేదు, కుర్చీ లేదు. మర్రినీడ మాత్రము ఉన్నది.